ఒక్క బాలిక కూర్చున్న తరగతి: బురైదా పట్టణపు బడి చరిత్ర



మన తోటల లైనిండ్లలో కాపురముండువారిలో బురైదా యను పట్టణపు పేరు విన్నవారు కొందరే యుందురు. అది అరేబియా దేశపు నడుమ, నజ్దు అను ఎత్తు నేలలో, ఖసీము రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. సౌదీ అరేబియా రాజధానియగు రియాదు నగరమునకు వాయవ్య దిక్కున సుమారు 350 కిలోమీటర్ల దూరమున నున్నది. చుట్టును ఇసుక నేల. నడుమ నేలలోని నీటిచే పెరుగు ఖర్జూరపు తోటలు. ఆ పట్టణమున చిన్నపిల్లల తరగతి గది యెట్లుండెనో, ఎట్లు మారెనో, ముఖ్యముగా 1963 సంవత్సరమున అచ్చటి ఆడపిల్లల బడికి ఏమి సంభవించెనో ఈ వ్యాసమున చెప్పదలచితిమి. దూరదేశపు కథయే యైనను, బిడ్డలుగల ప్రతి యింటివారికిని ఇది సంబంధించినదే.

ముందుగా ఆ దేశపు శరత్కాలమును గూర్చి కొంచెము తెలిసికొనవలెను. ఆగస్టు నెల చివరి వారములో తెల్లవారుజామున దక్షిణపు దిక్కున ఒక గొప్ప నక్షత్రము పొడచూపును. అరబ్బులు దానిని సుహైలు అందురు. మన పెద్దలు దానినే అగస్త్య నక్షత్రమని పిలిచిరి. ఆ చుక్క కనబడినదనగా వేసవి బలము తగ్గినదని అచ్చటివారి లెక్క. మధ్యాహ్నపు ఎండ మాత్రము ఇంకను కొన్ని వారములు మండుచునే యుండును. రాత్రులు మెల్లగా చల్లబడును. అక్టోబరు నడిమినుండి వస్ము అను కాలము వచ్చును. ఆ దినములలో నాలుగు వానలు కురిసినయెడల ఇసుక నేలపై గడ్డి మొలచును, గొఱ్ఱెలకును ఒంటెలకును మేత దొరకును.

ఖర్జూరపు కోతయు ఈ కాలముననే జరుగును. పసుపుపచ్చని దోరకాయ మెత్తబడి పండగును. పండు చెట్టుననే ఎండి, ఏడాది పొడుగున నిలువచేసికొనదగిన ఎండు ఖర్జూరమగును. సుక్కరీ అను తియ్యని రకమునకు ఖసీము సీమ పేరుపొందినది. ఈ దినములలో బురైదాలో జరుగు ఖర్జూరపు సంత ప్రపంచములోని మిక్కిలి పెద్ద సంతలలో ఒకటి. తోటలో కోత, సంతలో బేరము, పిల్లలకు బడి, ఈ మూడును ఒక్క కాలముననే వచ్చుట ఆ యూరి వాడుక. కోత దినములలో పిల్లవానిని చెట్టు క్రిందికి పంపవలెనా, పలక యెదుటికి పంపవలెనా యను ప్రశ్న తోటపని చేయువారికి క్రొత్తది కాదు గదా.

సర్కారు బడులు రాకముందు బురైదా పిల్లలు కుత్తాబు అను బడిలో చదువుకొనిరి. అది మన వీథిబడివంటిది. ముతవ్వా అని పిలువబడు గురువు ఒక గదిలోనో మసీదు ప్రక్కనో కూర్చుండును. పిల్లలు ఆయన చుట్టును నేలపై కూర్చుందురు. ప్రతివాని చేతను ఒక చెక్కపలక. దానిపై తెల్లమన్ను పూసి ఆరనిచ్చి, మసితో చేసిన సిరాతో ఖురాను వాక్యములు వ్రాయుదురు. పాఠము నోటికి వచ్చిన పిమ్మట పలక కడిగి, మరల మన్ను పూసి, తరువాతి పాఠము వ్రాసికొందురు. అందఱును ఒక్కసారి గొంతెత్తి చదువుచుండగా గురువు ఒక్కొక్కని పిలిచి ఒప్పజెప్పించుకొనును. ఖురాను ముగించిన బాలునికి ఇంటివారు వేడుక చేయుదురు. గురువునకు జీతము డబ్బు రూపముననే గాక, గోధుమలు, ఖర్జూరములు మొదలగు పంట రూపమునను ముట్టుచుండెను.

మన తెలుగుసీమలోని పాత వీథిబడియు ఇట్టిదే. అక్కడ చెక్కపలకకు బదులు ఇసుక. పిల్లవాడు వ్రేలితో గుంట ఓనమాలు దిద్దును. శరత్కాలమున దసరా పండుగ రాగానే అయ్యవారు పిల్లలకు విల్లమ్ములు పట్టించి, ఇల్లిల్లు తిప్పి పాటలు పాడించును. గృహస్థులు పిల్లలకు తినుబండారములును, అయ్యవారికి రొక్కమును ఇత్తురు. ఏడాది జీతములో మంచిభాగము ఆ పండుగనాడే ఆయన చేతికి వచ్చును. రెండు దేశములలోను బడి ఊరి పంటపై బ్రతికినది. ఊరు మెచ్చినంతకాలము గురువునకు కూడు. ఊరు మెచ్చనినాడు బడికి తాళము. ఈ సంగతి గుర్తుంచుకొన్నగాని తరువాతి కథ బోధపడదు.

బురైదావారు లోకము తెలియనివారని యెవరును అనుకొనరాదు. ఖసీము సీమనుండి ఉకైలీలు అను వర్తకులు తరతరములుగా ఒంటెల మందలను తోలుకొని ఇరాకు, సిరియా, ఈజిప్టు దేశములకు పోవుచుండిరి. నెలలు, ఒక్కొకప్పుడు సంవత్సరములు, ఇంటికి దూరముగా నుండిరి. మోటారు బండ్లు వచ్చిన పిమ్మట ఆ వర్తకము అణగారినది. పొట్టకూటికై దూరదేశమునకు పోవుట, ఇంటి బరువంతయు ఆడువారిపై నిలుచుట మన తోటవారికివలెనే వారికిని తెలియును. లోకము చూచినవారే గనుక, లోకములోని ఏ గాలి తమ యింటిలోనికి రానీయవలెనో, ఏది రానీయరాదో తామే నిర్ణయించుకొనవలెనను పట్టుదలయు వారికి మెండు.

సౌదీ రాజ్యములో విద్యాశాఖకు పునాది 1925 ప్రాంతమున పడినది. 1930లో మతపండితులు బడి పాఠములలో మూడింటికి అభ్యంతరము చెప్పిరి. అవి చిత్రలేఖనము, అన్యభాష, భూగోళము. అబ్దులజీజు రాజు వారి మాట వినెను గాని పాఠములను మానిపింపలేదు. బురైదాలో సర్కారు బాలుర పాఠశాల 1930ల కడపటి భాగమున నెలకొనెను. 1953లో విద్యా మంత్రిత్వశాఖ యేర్పడిన తరువాత బాలుర బడులు వేగముగా పెరిగినవి. కుత్తాబులోని చెక్కపలక పోయి నల్లబల్లయు, అచ్చుపుస్తకమును వచ్చినవి. పిల్లలు కుడినుండి ఎడమకు 28 అక్షరములు నేర్చుకొనిరి. లెక్కల పాఠములో వారు వ్రాయు అంకెలను అరబ్బులు హిందూ అంకెలని పిలుతురు. ఏలయన అవి పూర్వము మన దేశమునుండియే వారికి చేరినవి. నజ్దు ఎడారిలో ఒక బాలుడు కూడికలు చేసినపుడు అతడు ఎరుగకయే మన పూర్వుల సొత్తును వాడుకొనుచుండెను.

ఆడపిల్లల సంగతి వేరు. వారు బొత్తిగా చదువులేక యుండిరని చెప్పరాదు. నజ్దు పట్టణములలో కొందరు స్త్రీలు తమ యిండ్లలోనే బాలికలను చేరదీసి ఖురాను నేర్పుచుండిరి. అయితే అది ఎరిగిన యింటిలో, ఎరిగిన అవ్వ యెదుట జరుగు చదువు. సర్కారు బడి యనగా తెలియని భవనము, తెలియని ఉపాధ్యాయిని, తెలియని పుస్తకము.

1955లో జెద్దా నగరమున ఇఫ్ఫతు రాణి దారుల్ హనాను అను బాలికల పాఠశాలను స్థాపించెను. ఆ పేరునకు వాత్సల్య గృహమని అర్థము. ఆమె అప్పటి యువరాజగు ఫైసలు భార్య. 1959లో సౌదు రాజు బాలికలకు సర్కారు బడులు తెరువబడునని ప్రకటించెను. 1960లో అవి మొదలైనవి. ప్రజల అనుమానము తీర్చుటకై ఆ బడులను విద్యాశాఖకు అప్పగింపక, మతపండితుల పెత్తనము క్రింద వేరొక శాఖగా నిలిపిరి. పాఠములును అందుకు తగినట్లే యుండెను. ఖురాను, మతధర్మములు, అరబ్బీ చదువుట వ్రాయుట, లెక్కలు, ఇంటిపని, కుట్టుపని. చదువుకొన్న స్త్రీలు ఆ దేశమున అరుదుగా నుండినందున ఈజిప్టు, పాలస్తీనా, సిరియా మొదలగు పొరుగు దేశములనుండి ఉపాధ్యాయినులను రప్పించిరి. బడి చుట్టును ఎత్తైన గోడ, ద్వారమున ముసలి కావలివాడు. లోపలికి మగవారు పోరాదు.

ఇన్ని జాగ్రత్తలు చేసినను బురైదావారు ఒప్పుకొనలేదు. 1963లో తమ యూరిలో బాలికల బడి తెరువబడుచున్నదని తెలియగానే పురుషులు గుంపులుగా కూడి నిరసన తెలిపిరి. వందలకొలది జనులు రియాదు నగరమునకు పోయి, బడి వలదని పెద్దల యెదుట మొఱపెట్టుకొనిరి. ఫైసలు అప్పుడు ప్రధానమంత్రి పదవిలో నుండెను. 1964 నవంబరులో రాజయ్యెను. ఆయన వారి మాట ఆలకించెను గాని బడి మూయుటకు సమ్మతింపలేదు. శాంతి చెడకుండుటకై భటులను బురైదాకు పంపెను. అయితే ఒక్క సంగతి ముఖ్యముగా గమనింపవలెను. ఏ తండ్రిని గాని తన కుమార్తెను బడికి పంపుమని బలవంతము చేయలేదు. పంపదలచినవారికై తలుపు తెరచియుంచిరి. పంపనివారి యింటి తలుపు తట్టలేదు.

ఫలితమేమనగా, తలుపు తెరచియున్నను లోపలికి వచ్చువారు లేకపోయిరి. ఆ మొదటి సంవత్సరమున ఆ బడిలో చదివిన బాలిక ఒక్కతెయే యనియు, ఆమె ప్రధానోపాధ్యాయిని కన్నకూతురే యనియు చరిత్రకారులు వ్రాసియున్నారు.

చదువరులారా, ఆ తరగతిని ఒక్క నిమిషము మనస్సున తలచుకొనుడు. తరగతి గది యొక్క సుఖమంతయు పదిమంది కలిసి కూర్చుండుటలో నున్నది. ఒకతె తప్పు చదివిన మరియొకతె దిద్దును. ఒకతెకు రాని లెక్క ప్రక్కపిల్ల చేయును. తన వంతు వచ్చువరకు కొంచెము ఊపిరి తీసికొనుటకు వీలుండును. ఒక్కతెయే యున్న తరగతిలో ప్రతి ప్రశ్నయు ఆమెకే, ప్రతి వంతును ఆమెదే. ఆటవిడుపు వేళ ఆడుటకు తోడు లేదు. బయట కోత జరుగుచు ఊరంతయు సంతయందుండగా, ఆమె ఒక్కతె పాఠము చదువవలెను. ఆ బడి కొఱకు నడిచి వచ్చిన ఉపాధ్యాయినుల ఓర్పును, ఆ చిన్నపిల్ల ఓర్పును కొలుచుటకు మనయొద్ద త్రాసు లేదు.

బురైదా తండ్రులు క్రూరులా? అట్లు తలచుట న్యాయము కాదు. వారు బిడ్డలను ప్రేమించినవారే. ప్రేమయే వారిచేత అడ్డుచెప్పించినది. బడికి పోయిన పిల్ల తల్లి మాట వినునా, దానికి తగిన సంబంధము వచ్చునా, పరదేశపు పంతులమ్మ నేర్పునది మంచియా చెడ్డయా యని వారి భయము. ఇట్టి భయము ఎడారికే చెందినది కాదు. 1848లో పూనా పట్టణమున సావిత్రీబాయి ఫూలే బాలికలకు చదువు చెప్పుటకు పోవుచుండగా వీథిలోనివారు ఆమెపై బురద చల్లిరి. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టినపుడు మన తెలుగువారిలో ఎందరో, చదివిన పడతికి వైధవ్యము వచ్చునను మూఢపుమాట చెప్పుకొనుచుండిన కాలమది. గోదావరి యొడ్డున మన తాతలు పడిన భయమునే, తొంబది సంవత్సరముల తరువాత ఖసీము తండ్రులు పడిరి.

తోటల చరిత్రయు ఇచ్చట తలచుకొనదగినది. మలయా సమాఖ్య రాష్ట్రములలో 1923 సంవత్సరపు కార్మిక చట్టము, బడియీడు పిల్లలు పదిమందియైనను ఉన్న తోటలో యజమాని బడి పెట్టవలెనని విధించెను. అందుచేత ఎన్నో రబ్బరు తోటలలో బడులు వెలసినవి. వానిలో పెక్కింట అరవమే బోధనాభాష గనుక తెలుగు పిల్లలు ఇంట ఒక భాష, బడిలో ఒక భాష నేర్చికొనవలసి వచ్చినది. పలుచోట్ల ఒక్క పంతులే అన్ని తరగతులకును పాఠము చెప్పెను. తల్లి తెల్లవారకముందే పాలుగీతకు పోగా, చంటిబిడ్డను చూచుటకు ఇంట నిలిచినది పెద్దకూతురే. పట్టీలో పేరున్నను పలకయెదుట ఆమె లేదు. అచ్చట చట్టము పదిమందిని లెక్కించినది. ఆ పదిమందిలో ఆడపిల్ల యెన్నవదియో ఎవరు అడిగిరి? బురైదాలోనో, పదిమంది లేకున్నను, ఇద్దరైనను లేకున్నను, ఒక్కతె కొఱకై బడి నిలిచినది. మన చరిత్రతో పోల్చి చూచినపుడు ఆ ఒక్క పిల్ల తరగతి యెంత గొప్పదో తెలియును.

ఆ తరువాత ఏమి జరిగెను? బలవంతము లేనందున జనులకు ఆలోచించుకొనుటకు వ్యవధి దొరకినది. బడికి పోయిన పిల్ల ఇంటికి తిరిగివచ్చుచున్నది, నమాజు మానలేదు, వంట మరువలేదు, తండ్రికి వచ్చిన జాబు చదివి వినిపించుచున్నది. చదువుకొన్న యువకులు చదువుకొన్న వధువును కోరసాగిరి. ఉపాధ్యాయినియైన కుమార్తె జీతము తెచ్చి ఇంటికి ఆసరాయైనది. భటులు చేయలేని పని ఈ చిన్న సంగతులు చేసినవి. 1970లో సౌదీ దేశమున అక్షరములు వచ్చిన స్త్రీలు నూటికి ఇద్దరేయని అంచనా. పురుషులు నూటికి 15 మంది. 1990 నాటికి స్త్రీలలో నూటికి 48 మంది చదువను వ్రాయను నేర్చిరి. 2010 తరువాత ఆ సంఖ్య 90 దాటినది. అడ్డుచెప్పిన తాతల మనుమరాండ్రు నేడు ఆ ఖసీము సీమలోనే 2004లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమున చదువుచున్నారు.

ఈ మార్గమున కన్నీరును లేకపోలేదు. 2002 మార్చి నెలలో మక్కా నగరమున ఒక బాలికల బడిలో నిప్పంటుకొని 15 మంది బాలికలు మరణించిరి. దేశమంతయు దుఃఖించినది. ఆ నెలలోనే బాలికల బడులను వేరుశాఖనుండి తప్పించి, బాలుర బడులను నడుపు విద్యాశాఖలోనే చేర్చిరి. 2009లో నూరా అల్ ఫాయిజు అను విదుషీమణి బాలికల విద్యకు ఉపమంత్రిణిగా నియమింపబడెను. ఆ దేశమున అట్టి పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 2017లో సర్కారు బాలికల బడులలో వ్యాయామ పాఠము ప్రవేశపెట్టుటకు అనుమతి వచ్చినది.

ఇప్పుడు బురైదాలో శరత్కాలపు తరగతి యెట్లుండును? బడి సంవత్సరము ఆగస్టు చివరనే, సుహైలు పొడచూపు దినములలో మొదలగును. ఆరేండ్ల పిల్లలు మొదటి తరగతిలో చేరి ఆరు సంవత్సరములు ప్రాథమిక విద్య నేర్తురు. పూర్వము గురు శుక్రవారములు సెలవు. 2013 నుండి శుక్ర శనివారములు సెలవు, ఆదివారము మొదలు గురువారమువరకు బడి. ఎండకు వెఱచి ఉదయముననే పాఠములు మొదలుపెట్టుదురు. ఖురాను, అరబ్బీ, లెక్కలు, ప్రకృతి శాస్త్రము బోధింతురు. 2021 నుండి మొదటి తరగతినుండియే ఆంగ్లమును చేర్చిరి. ఒకప్పుడు ఒక్క బాలికయే దొరకిన ఊరిలో నేడు బడి విడుచువేళ వీథులు పిల్లలతో నిండియుండును.

ఆ తరగతులు మరియొకసారి ఖాళీ యైనవి. మహమ్మారి వచ్చినపుడు 2020, 2021 సంవత్సరములలో రెండు శరత్కాలములు చిన్నపిల్లలు బడికి పోక, మద్రసతీ అను అంతర్జాలపు బడిద్వారా ఇంటనే పాఠములు విన్నారు. ఆ మాటకు నా బడి యని అర్థము. 2022 జనవరిలో వారు మరల తరగతికి వచ్చిరి. 1963లో బడి తెరచియున్నను తల్లిదండ్రులు పంపలేదు. ఈ సారి తల్లిదండ్రులు పంపగోరినను బడి తెరువలేదు. అరువది యేండ్లలోపల జనుల మనస్సు ఎంత మారినదో దీనివలన గ్రహింపవచ్చును.

ఖసీము సీమలో నేడు పనిచేయు భారతీయులలో మన తెలుగువారును కలరు. బురైదాలో భారత రాయబార కార్యాలయపు అండతో ఒక అంతర్జాతీయ భారతీయ పాఠశాల నడుచుచున్నది. కుటుంబమును తెచ్చుకొనగలిగినవారి పిల్లలకు అది ఆధారము. అయితే తక్కువ జీతముపై తోటలలోను ఇండ్లలోను పనిచేయు పెక్కుమందికి కుటుంబమును తెచ్చుకొను వీలు లేదు. వారి బిడ్డలు ఊరిలో అవ్వతాతల యొద్దనుండి బడికి పోవుచున్నారు. నెల తిరుగగానే అచ్చటినుండి వచ్చు సొమ్ములో బడి ఖర్చును ఒక భాగము. తోటకు పోయిన మన పెద్దలవలెనే వారును తమ చెమటతో బిడ్డలకు అక్షరములు కొనుచున్నారు.

కాబట్టి, అమ్మలారా, అయ్యలారా, ఈ చరిత్రనుండి మనము ఇంటికి తీసికొనిపోవలసినది ఒక్క మాటయే. పదిమంది చేరిన పిమ్మట మా పిల్లను పంపెదమని తలచువారు కొల్లలుగా నుందురు. కాని పదిమందియు అట్లే తలచినయెడల మొదటి పిల్ల యెవరిది? బురైదాలో ఆ మొదటి పిల్లను ఇచ్చినది ఒక ఉపాధ్యాయిని. ఆమె తన కూతురినే కూర్చుండబెట్టి పాఠము చెప్పినందున బడి నిలిచినది, ఊరు వెనుకవచ్చినది. మీ లైనులో చంటిబిడ్డను ఎత్తుకొని వాకిట నిలిచిన పెద్దకూతురున్నచో, ఆ చంటివానిని చూచుటకు వేరొక యేర్పాటు ఈ వారముననే ఆలోచింపుడు. ఇరుగుపొరుగువారు వంతులు వేసికొన్న అది అసాధ్యము కాదు. బడిగంట ఆమెకును మ్రోగుచున్నది.